లక్డారం దాకా రాని ట్రాము

రవాణా సర్వే ఉద్యోగంలో కొత్తగా చేరిన యువకులు కొందరు ఈ పని నిజంగా ఎలా ఉంటుందో రాసి ఇమ్మని నన్ను అడిగారు. పదోన్నతులు ఎలా వస్తాయో, ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగుతుందో మీకు ఆఫీసే నేర్పుతుంది. వాటి జోలికి నేను పోను. ముప్పై ఏళ్లకు పైగా నేను రోడ్ల మీద, స్టేజీల వద్ద నిలబడి మనుషులను లెక్కించాను. ఆ లెక్కలలో తప్పుడు అంకె ఒక్కటి కూడా లేదని ఇప్పటికీ చెప్పగలను. అయినా వాటిలో ఒక లెక్క ఒక ఊరికి అన్యాయం చేసింది. మీకు ఉపయోగపడేది ఆ ఒక్కటే కనుక దాని గురించే రాస్తున్నాను. ఇందులో ఉత్సాహం కలిగించే సంగతి ఏదీ లేదని ముందే చెబుతున్నాను.

ఆ చిన్న లైను

ఎనభైల మధ్యకాలంలో పటాన్‌చెరు ఊరి చివర నుంచి పారిశ్రామికవాడ ఆఖరి గేటు వరకు ఒక చిన్న పట్టాల లైను ఉండేది. ఎప్పుడో మూతపడిన ఒక ఇనుప కర్మాగారం కోసం వేసిన పట్టాలవి. వాటి మీద మా రవాణా సంస్థ రెండు పెట్టెల డీజిలు బండి ఒకటి నడపడం ప్రారంభించింది. కాగితాల మీద దానికి పొడవాటి పేరు ఉండేది. కార్మికులు మాత్రం దాన్ని ట్రాము అనేవారు. కలకత్తా వైపు నుంచి వచ్చిన వెల్డర్లు ఎవరో ఆ పేరు పెట్టారని చెప్పుకొనేవారు. అయిదే అయిదు స్టేజీలు. సైకిలు తొక్కేవాడు కొంచెం గట్టిగా తొక్కితే దాన్ని దాటిపోయేవాడు.

దాని డ్రైవరు జహంగీర్ పటాన్‌చెరు మనిషి. నేను మొదటిసారి ఎక్కినప్పుడు బండి ఇంత మెల్లగా పోతున్నదేమిటని అడిగాను.

“గుర్రం అసొంటిది గాదు సాబ్, గాడిద అసొంటిది,” అన్నాడతడు. “ఉరుకది. గని ఎంత ఎక్కిస్తె గంత మోస్తది.”

వెనుక పెట్టె నిండా ఆడవాళ్లు ఉండేవారు. మందుల ఫ్యాక్టరీలలో మాత్రలను అట్టపెట్టెలలో సర్దే పని వాళ్లది. వారిలో లక్డారం ఊరి సత్తెమ్మ ఒకతె. ఆమె ఇంటి నుంచి ఆఖరి గేటు స్టేజీకి పొలాల గుండా గంట నడక. అక్కడ ట్రాము ఎక్కి వెనక్కి రెండు స్టేజీలు వస్తే ఆమె ఫ్యాక్టరీ. ఉదయం ఏడు గంటలకు సైరను మోగగానే గేటు మూసేవారు. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే బ్యాడ్జి వాపసు తీసుకునేవారు, అంటే పని పోయినట్టే. దారిలో ఒక వాగు ఉంది. వానాకాలంలో అది నిండితే చుట్టూ తిరిగి రావాలి. అందువల్ల వాన పడిన ప్రతి తెల్లవారీ ఆమెకు భయంతోనే మొదలయ్యేది.

ఆ లైనును ఆఖరి గేటు నుంచి లక్డారం పొలాల మీదుగా సంగారెడ్డి వరకు పొడిగించాలన్న ప్రతిపాదన వచ్చింది. సంగారెడ్డి జిల్లా కేంద్రమైనా అక్కడికి పట్టాలు లేవు. మా నాన్నగారు ఆ ఊరి గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్టులో, వ్యాపారం చేసేవారు. లారీల కోసం పడిగాపులు పడే ఆ గంజ్ కూడా ఈ లైను కోసం ఎదురుచూసింది. సర్వే పని నాకు అప్పగించారు. మా ఊరికి రైలు తెచ్చేవాణ్ణి నేనే కావచ్చునని లోలోపల గర్వపడ్డానని దాచకుండా చెబుతున్నాను.

రాళ్లు పాతిన రోజు

లైను వెళ్లే దారిలో గుర్తురాళ్లు పాతాలి. లక్డారంలో రైతులు మమ్మల్ని అడ్డుకున్నారు. భూమి పోతుందన్న వారి భయం న్యాయమైనదే. కొలత గొలుసు పట్టిన మా మనుషులను గట్టు దిగనివ్వలేదు. ఆ రోజు సత్తెమ్మ సెలవు పెట్టి వచ్చింది. లైను దారి ఆమె చెలక, అంటే మెట్టచేను, అంచు నుంచే పోతుంది.

“సారు, లక్డారంల బండి ఆగుతదా, ఊకె మా మీదికెల్లి ఉరుకుతదా?” అని అందరి ఎదుట అడిగింది.

“ఆగుతుంది. ఇక్కడ ఒక హాల్టు ఉంటుంది. నక్షాలో ఉంది,” అని చూపించాను.

“నక్షా నాకేమెర్క. మీ నోటితోని చెప్పుండ్రి.”

“ఆగుతుంది,” అన్నాను.

ఆమె రైతుల వైపు తిరిగింది. “ఇన్నరు గద. రేపు మీ కోడండ్లు మోకాలు లోతు నీళ్లల్ల దిగి షిఫ్టుకు వోతుంటె నన్ను తిట్టుకోకున్రి. ముందుగాల నా చెలకల పాతుండ్రి సారు రాయి.”

“సత్తెమ్మకేంది, మాత్రలు మింగి మస్తు తాకతొచ్చింది,” అని ఒక ముసలాయన అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వుతో గొలుసు గట్టు దిగింది. ఆమె చెలకలో రెండు రాళ్లు పాతి, ఎర్ర రంగుతో సంఖ్యలు వేయించాను. ఊరంతా దాటేసరికి సాయంత్రమైంది. నా ఉద్యోగంలో నేను ఒక ఊరికి నోటిమాటతో ఇచ్చిన హామీ అదొక్కటే.

మా అధికారి నేర్పిన సూత్రం

తరువాతి మెట్టు ప్రయాణికుల లెక్క. ఉన్న లైనులో ఎంతమంది ఎక్కుతున్నారో తేలితేనే పొడిగింపుకు అనుమతి వస్తుంది. ఆ లెక్క గురించి చెప్పే ముందు, మా పై అధికారి రంగనాథం గారి గురించి చెప్పాలి.

ఆయన నిజాయితీపరుడు, పని తెలిసినవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదే నా ఉద్యోగం. కానీ ఆయన ఒకసారి చేసిన పని నన్ను జీవితాంతం వెంటాడింది. అంతకు కొన్నేళ్ల ముందు ఒక బస్సు మార్గంలో లెక్కకు వెళ్లినప్పుడు, ఆ రోజు జాతర అనీ, జనమంతా అటే పోయారనీ అక్కడి దుకాణదారులు చెప్పారు. నేను నమ్మి లెక్క వాయిదా వేశాను. జాతరా లేదు, ఏమీ లేదు. స్టేజీ తమ దుకాణాల ముందు నుంచి కదిలిపోకుండా వాళ్లు ఆడిన నాటకమది. రంగనాథం గారు నన్ను ఆఫీసు మధ్యలో నిలబెట్టి, గుమాస్తాలందరూ వింటుండగా అన్నారు:

“రేపు ఎవరైనా వచ్చి సూర్యుడు పడమట పొడిచాడంటే అదీ రాసుకొస్తారా? మీకు కనిపించింది రాయండి. వినిపించింది రాయకండి.”

ఆ మాటను నా నోటుపుస్తకం అట్ట లోపలి వైపు రాసుకున్నాను. అది సూత్రమని అనుకున్నాను. నిజానికి అది గాయమని గ్రహించడానికి చాలా కాలం పట్టింది. కింది ఉద్యోగిని పదిమందిలో అవమానించే అధికారి అతనికి క్రమశిక్షణ నేర్పుతున్నానని అనుకుంటాడు. వాస్తవానికి తనకు అవసరమైన కబురు ఒకటి భవిష్యత్తులో రాకుండా తలుపు మూసుకుంటున్నాడు. మీరు అధికారులైన రోజున దీన్ని గుర్తుంచుకోండి.

మూడు బుధవారాలు

మా నిబంధనల ప్రకారం లెక్క వరుసగా మూడు బుధవారాలు జరపాలి. వారం మొదట్లోనూ చివర్లోనూ రద్దీ అసాధారణంగా ఉంటుంది, నడుమ ఉన్న రోజు సాధారణంగా ఉంటుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. వాన, పండుగ, సమ్మె ఉంటే వాయిదా వేయవచ్చు. ప్రతి లెక్క పట్టీ అడుగున రిమార్కుల కోసం ఒక గడి ఉంటుంది.

అది ఎండాకాలం. మొదటి బుధవారం తెల్లవారే స్టేజీకి ఒక మనిషిని నిలబెట్టి, నేను ఆఖరి గేటు వద్ద ఉన్నాను. ఎక్కిన ప్రతి మనిషికీ ఒక గీత. నాలుగు నిలువు గీతలయ్యాక ఒక అడ్డగీత. గీతలు మందకొడిగా పడుతున్నాయి. జహంగీర్ బండి ఆపి నా దగ్గరికి వచ్చాడు.

“ఇయ్యాల లెక్క వెడ్తున్రా సాబ్?”

“అవును. మూడు వారాలు, ప్రతి బుధవారం.”

“అరె, బుధవారం మాకు పవర్ హాలిడే గద! కరెంటోళ్లు ఈ ఎండకాలం కొత్తగ పెట్టిన్రు. వారంల ఒక దినం ఫ్యాక్టరీలకు కరెంటు బంద్. మన దిక్కు బుధవారం పడ్డది. జనరేటర్లున్నయే నడుస్తున్నయి, మిగిలినయన్ని తాళం. దాని బదులు ఆదివారం పని చేపిస్తున్రు. లెక్క వెట్టాలంటె ఆదివారం రాండ్రి సాబ్. నిలబడనీకి జాగ దొరకది.”

“ఆదివారం లెక్కించమని ఏ నిబంధనలోనూ లేదు జహంగీర్.”

“నిబంధన ట్రాము ఎక్కుతదా సాబ్? మనుషులే గద ఎక్కేది.”

అతని మాటలో వెటకారం ఉందనిపించి నాకు కోపం వచ్చింది. జాతర సంగతి గుర్తుకొచ్చింది. లైను పొడిగిస్తే అతనికి బండ్లు పెరుగుతాయి, జీతం పెరుగుతుంది. జనం ఎక్కువ కనబడాలని అతను కోరుకోవడం సహజమే కదా అనుకున్నాను. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడం ఎంత సులభమో చూడండి. ఏదైనా ఫ్యాక్టరీ గేటు వద్దకు నడిచి వాచ్‌మన్‌ను అడిగితే చాలు. నేను అడగలేదు. వాయిదాకు కారణాలు మూడే. వాటిలో పవర్ హాలిడే లేదు. నా చేతిలో పట్టీ ఉంది, కళ్ల ముందు సగం ఖాళీ పెట్టెలు ఉన్నాయి. కనిపించింది రాశాను.

రెండో బుధవారం కూడా అంతే. మూడో బుధవారం జహంగీర్ బండి దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, “రాస్కోండ్రి సాబ్, ఖాళీ సీట్లు గూడ మంచిగ రాస్కోండ్రి. అవి పవర్ హాలిడే తీస్కోవు,” అన్నాడు.

పట్టీలు పంపిన మరునాడు రంగనాథం గారు ఫోను చేశారు.

“మూడు వారాలూ అంకెలు చాలా తక్కువగా ఉన్నాయి. అక్కడ ఏమైనా విశేషం ఉందా?”

“ఏమీ లేదండి. నిబంధన ప్రకారమే జరిగింది.”

“రిమార్కుల గడి ఖాళీగా ఉంది.”

“రాయవలసినది ఏమీ లేదండి.”

  పవర్ హాలిడే మాట చెప్పవలసిన క్షణమది. గుమాస్తాలందరూ మళ్లీ వింటున్నట్టు అనిపించింది. ఫోను పెట్టేశాను.

“అంకెలు సరైనవేనా?”

నిర్ణయం తీసుకునే సంఘం నగరంలో సమావేశమైంది. ఆ గదిలో ఉన్న పెద్దలెవరికీ అక్కడి బుధవారం పవర్ హాలిడే సంగతి తెలియదు. వారికి ఆదివారం ఎప్పటిలాగే ఆదివారం. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన పట్టీ తిప్పి చూసి అన్నారు:

“ఉన్న లైనుకే జనం లేనప్పుడు కొత్త లైను ఎవరి కోసం?” తరువాత నా వైపు చూశారు. “అంకెలు సరైనవేనా?”

“సరైనవే,” అన్నాను.

అవి సరైనవే. అందుకే ఎవరూ ఇంకేమీ అడగలేదు. తప్పుడు అంకెను పట్టుకునే పద్ధతులు మన శాఖలో చాలా ఉన్నాయి. తప్పుడు రోజున రాసిన సరైన అంకెను పట్టుకునే పద్ధతి ఒక్కటీ లేదు. దాన్ని పట్టుకోవలసినవాడు అక్కడ నిలబడి లెక్కించినవాడే. పొడిగింపు వద్దని తీర్మానం రాయడానికి వారికి ఎంతో సేపు పట్టలేదు.

వేసవి గడవక ముందే ఒక ఆదివారం సొంత పని మీద సంగారెడ్డి వెళుతూ పటాన్‌చెరులో దిగాను. ట్రాము వచ్చింది. మెట్ల మీద మనుషులు, రెండు పెట్టెల నడుమ కొక్కెం మీద మనుషులు. వెనుక పెట్టెలో ఆడవాళ్లు టిఫిను డబ్బాలు తలల మీద పెట్టుకుని నిలబడ్డారు. జహంగీర్ నన్ను చూశాడు. తల తిప్పుకుని బండి కదిలించాడు. అతను ఏదైనా అని ఉంటే బాగుండేది.

మరునాడే రంగనాథం గారి వద్దకు వెళ్లి అంతా చెప్పాను.

“ఫోనులో నేను అడిగాను కదా,” అన్నారు.

“అడిగారండి.”

“మరి?”

“జాతర రోజు గుర్తుకొచ్చిందండి.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.  మళ్లీ లెక్క జరపాలని కోరుతూ ఆయనే స్వయంగా ఉత్తరం రాశారు. తరువాతి ప్రణాళికలో చూస్తామని జవాబు వచ్చింది. ఇద్దరం కలిసి తప్పు చేశామని ఆయన ఎన్నడూ అనలేదు. నేనూ అనలేదు. 

తరువాత

ఆ పట్టీ అక్కడితో ఆగలేదు. జనం లేరన్న కారణం చూపించి ఉన్న లైనులోనే ట్రిప్పులు తగ్గించారు. ట్రిప్పులు తగ్గాక జనం ఆటోలకు మళ్లారు. అప్పుడు నిజంగానే జనం తగ్గారు. తొంభైలలో ట్రాము ఆగిపోయింది. పట్టాలు పీకి లారీలకు ఎత్తారు. జహంగీర్‌ను బస్సు డిపోకు పంపారు. పొద్దున షిఫ్టుకు పోయేవారు బొంబాయి రోడ్డు మీద లారీల మధ్య నడవడం మామూలైంది.

గుర్తురాళ్లను తీసివేయమని మాత్రం ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. పాతడానికి ఉత్తర్వు ఉంటుంది. పీకడానికి ఉండదు. కనుక లైను వస్తుందని లక్డారం నమ్ముతూనే ఉంది. వేరే పనుల మీద ఆ దారిన వెళ్లినప్పుడు సత్తెమ్మ ఎదురయ్యేది. ఆ సర్వే జరిగిన ఏడాది వానాకాలంలోనే ఆమెను పని నుంచి తీసివేశారు. ఒకే నెలలో మూడుసార్లు ఆలస్యమైందట. అప్పటి నుంచి చెలక పనే.

“సారు, మన ట్రాము యాడిదాంక వచ్చింది?” అని అడిగేది. “మా బర్రె ఈనెటాల్లకన్న వస్తదా?”

“పరిశీలనలో ఉందమ్మా,” అనేవాణ్ణి.

ఉద్యోగ భాషలో అది అబద్ధం కాదు. మనుషుల భాషలో అంతకంటే పెద్ద అబద్ధం నేను ఎన్నడూ ఆడలేదు. ఆ బర్రె ఎన్నిసార్లు ఈనిందో తెలియదు. కొన్నేళ్లకు ఆమె అడగడం మానేసింది. “బాగున్నరా సారు” అని ఊరుకునేది. ఆ మార్పు నాకు అడిగినప్పటికంటే ఎక్కువ కష్టంగా ఉండేది.

లక్డారంలో ఆఖరిసారి

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది ప్రత్యేకించి లక్డారం వెళ్లాను. ఊరి చుట్టూ ప్లాట్ల రాళ్లు వెలిశాయి. తెల్లగా, కొత్తగా, వరుసలుగా ఉన్న వాటి మధ్య నేను పాతిన రాళ్లను గుర్తుపట్టడం కష్టమైంది. సత్తెమ్మ చెలక మాత్రం ఇంకా చెలకగానే ఉంది. ఆమె ఒక రాయి ముందు కూర్చుని కొడవలి నూరుతోంది. అది నా రాయి. ఏళ్ల తరబడి నూరిన చోట ఒక వైపు వంపు తిరిగింది. రెండో వైపు ఎర్ర రంగు సంఖ్య సగం మిగిలి ఉంది.

“ఏంది సారు, గిట్లొచ్చిన్రు? మల్ల కొలుస్తున్రా?”

“లేదు సత్తెమ్మా. నీకొక మాట చెప్పాలని వచ్చాను.”

గట్టు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. బుధవారం, పవర్ హాలిడే, జహంగీర్ హెచ్చరిక, ఫోను, ఖాళీగా వదిలిన గడి. నేనేదీ తగ్గించి చెప్పలేదు. ఆమె నూరడం ఆపలేదు. చెప్పడం అయిపోయాక కొడవలి ఆపింది.

“బుధవారం నేను యాడున్ననో ఎర్కేనా సారు?”

“తెలియదు.”

“గీడ్నే. గీ రాయికాడ్నే. ఫ్యాక్టరీ బంద్ అంటె మాకు చెలక పని దినం. నేనొక్కదాన్నే గాదు, ఊర్ల ఫ్యాక్టరీకి వోయెటోళ్లందరం గీడ్నే ఉంటిమి. మీరు గా గేటుకాడికెల్లి మీ రాళ్లెంబడి నడుసుకుంట వస్తె, అందర్ని ఒక్కతాన్నే లెక్కవెడ్తుండిరి.”

కనిపించింది రాయమన్న సూత్రాన్ని ముప్పై ఏళ్లు పాటించాను. చూడడానికి గంట దూరం నడవవచ్చునని ఒక్కసారి కూడా తోచలేదు. 

ఆమే మళ్లీ అడిగింది. “పవర్ హాలిడే అని గా కాయితం మీద రాయనీకి ఎంతసేపు పడ్తుండె సారు?”

“అర నిమిషం,” అన్నాను.

ఆమె కొడవలి అంచును బొటనవేలితో తడిమి చూసింది.

“నా పని వోయిన గా మూడో దినం వాగు సుట్టు తిరిగి ఉరుక్కుంట వచ్చిన. నేను ఫ్యాక్టరీ గేటుకాడికి వచ్చేటాల్లకు వాచ్‌మన్ తలుపు దగ్గరికేస్తున్నడు. నేను గూడ గంతనే ఆలస్యమైన సారు. అర నిమిషం.”

అని లేచి, కొడవలి తీసుకుని చెలకలోకి దిగింది.